ఏడు కుడి చెప్పులు

సైకిల్ మీద మనిషి కూర్చున్నంత మాత్రాన అది స్వారీ కాదనీ, ఆ మనిషి ఏ స్వభావంతో కూర్చున్నాడో రాతపూర్వకంగా తేలేంతవరకు అతడు రెండు చక్రాల మీద కదులుతున్న సరుకు మాత్రమేననీ స్వారీ శైలి నిర్ధారణ మండలి తన మొట్టమొదటి ప్రకటనలోనే కుండబద్దలు కొట్టింది. అప్పటిదాకా కొండ కింది ఊళ్ళో జనం ఏమీ తెలియకుండానే తొక్కేశారు. చైను తెగితే చైను, పెడలు ఊడితే పెడలు కొనుక్కుని, చేతులు తుడుచుకుని పోయేవాళ్ళు. అంత చీకట్లో ఇన్నేళ్ళు ఎలా బతికామా అని తర్వాత వాళ్ళే ఆశ్చర్యపోయారు (ఆశ్చర్యపోవలెనని ప్రకటన మూడో పేరాలో ఉంది).

నిజానికి మండలి చెప్పిన మాటలో తప్పేమీ లేదు. కొండల్లో తిరిగే సైకిల్‌కు ముందు షాకులు ఎంత మెత్తగా ఉండాలి, హ్యాండిల్ ఎంత వెడల్పుండాలి, టైరు పళ్ళు ఎంత లోతుండాలి, గేర్లెన్ని, బ్రేకు ఎంత గట్టిది అన్నవన్నీ తొక్కేవాడి తీరును బట్టే ఎంచుకోవాలి. ఎగుడెక్కేవాడికి తేలికైన బండి, దిగుడు దూకేవాడికి గట్టి బండి. సైకిలెక్కిన ప్రతివాడికీ మోకాళ్ళే నేర్పే చదువిది. మాట మంచిదే. మంచి మాటకు ఆఫీసు కట్టినప్పుడే చిక్కంతా మొదలవుతుంది.

ఆ చిక్కులో అందరికన్నా ముందు కాలు పెట్టినవాడు నీళ్ళాయన. (కాలంటే ఎడమ కాలు. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.)

ఊరికి నీళ్ళు వదిలే ఉద్యోగం కాబట్టి నీళ్ళాయన. ట్యాంకు కొండ మీద, ఊరు కొండ కింద. పొద్దున్న ఎనిమిదికి పైన పెద్ద వాల్వు తిప్పాలి. తిప్పిన పావుగంటలో మూడు కిలోమీటర్లు దిగి, అడుగున బడి మలుపు దగ్గరున్న రెండో వాల్వు తిప్పాలి. ఆలస్యమైతే నీరు పైపులో కూర్చుని ఆలోచిస్తూ ఉండదు. అతుకు తన్నుకుని బయటికొచ్చి, దిగువ వీధి ఇళ్ళలోకి పిలవని చుట్టంలా దూరుతుంది. నడిచి దిగితే నలభై నిమిషాలు. అందుకే గేర్ల సైకిల్ కొన్నాడు. లావు టైర్లు, ముందు షాకులు, ఎవరో సరదా తీరాక వదిలించుకున్నది. అతని భార్య దానికి దున్నపోతని పేరు పెట్టింది. "ఎక్కేటప్పుడు కదలదు, దిగేటప్పుడు ఆగదు" అని కారణం కూడా చెప్పింది.

ఆమె ఏ ముహూర్తాన అందోగాని, ఒక పొద్దున బ్రేకు పట్టుకుంటే రబ్బరుకు బదులు ఇనుము అరిచింది. నీళ్ళాయన వంగి చూశాడు. ముందు రబ్బర్లు గోరంత మిగిలాయి. వెనక రబ్బర్లు ఉండేవని గుర్తుగా రెండు మరలున్నాయి.

సాయంత్రం బావమరిది సైకిల్ షాపుకు పోయాడు. బావమరిదంటే భార్య తమ్ముడు. పంచరు వేస్తూ కూడా ఎదుటివాడి నోట్లో గాలి తీయగలడు.

"రెండు జతల బ్రేకు రబ్బర్లు పడెయ్యరా."

బావమరిది గోడకున్న అద్దాల పెట్టె చూపించాడు. లోపల రబ్బర్లు జతలు జతలుగా వేలాడుతున్నాయి. పెట్టెకు తాళం, తాళానికి అంకెల పలక.

"చూసుకో బావా. చూడ్డానికి ధ్రువపత్రం అక్కర్లేదు."

"వేళాకోళానికేం గానీ, తియ్యి."

"తియ్యాలంటే నీ శైలి నంబరు నొక్కాలి. నీకు శైలుందా?"

"నాకు మీ అక్కుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి. శైలెక్కడుంది?"

"ఆ మాట ఆఫీసుకెళ్ళి చెప్పు. నా దగ్గరున్న పాత రబ్బర్లన్నీ మండలివాళ్ళు పట్టుకెళ్ళి గొయ్యి తీసి పూడ్చారు. పక్కన నన్ను నిలబెట్టి ఫొటో కూడా తీశారు, మొహం కాస్త దిగులుగా పెట్టమని."

మండలి ఆఫీసుకు రెండంతస్తులు. కింద ముందు చక్రం విభాగం, పైన వెనక చక్రం విభాగం. మధ్యనున్న మెట్లు ఏ విభాగానివో తేలనందువల్ల ఎవరూ ఊడ్చరు. నీళ్ళాయనకు రెండు చక్రాల పనీ ఉంది కాబట్టి ఆ దుమ్ములో నాలుగుసార్లు ఎక్కి దిగాడు. చివరికి మెట్ల కిందున్న మూడో కిటికీ దగ్గర శైలి నిర్ధారణ అధికారిణి దొరికింది. కళ్ళద్దాలు నుదుటి మీద, టేబులు ఫ్యాను పక్కన, కాగితాలు ఎగరకుండా వాటి మీద ఓ సైకిల్ గంట. ఆమె పదకొండు పేజీల దరఖాస్తు తీసి, తనే నింపడం మొదలుపెట్టింది (దరఖాస్తుదారు సొంతంగా నింపితే తన గురించి తనకు తెలిసిందే రాసుకుంటాడనీ, అది నిష్పాక్షికం కాదనీ నిబంధన).

"దేని కోసం తొక్కుతారు?"

"నీళ్ళ కోసమండీ."

"దాహమా?"

"నాది కాదండీ. ఊరిది."

ఆమె కళ్ళద్దాలు కిందికి దించుకుని కాగితంలో వెతికింది. "ఆనందం, ఆరోగ్యం, పోటీ, ఆత్మాన్వేషణ. ఈ నాలుగే ఉన్నాయి."

"ఉద్యోగం అని రాసుకోండి మేడమ్."

"ఉద్యోగం శైలి కాదండీ." (ఈ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కాస్త సొంత గోడు కూడా కలిసింది.) "ఆరోగ్యానికి డాక్టరు సంతకం కావాలి. పోటీకి ఎదుటివాడు కావాలి. ఆనందానికి ఇద్దరు సాక్షులు కావాలి. ఆత్మాన్వేషణకు ఏమీ అక్కర్లేదు."

"అయితే అదే పెట్టండి."

"పద్నాలుగో ప్రశ్న. లోయ అంచున నిలబడి కిందికి చూసినప్పుడు మీ అంతరంగం ఏమంటుంది?"

"టైమైపోతోందంటుందండీ."

ఆమె మొదటిసారి తలెత్తి అతన్ని గౌరవంగా చూసి, 'జీవితపు క్షణికత్వం పట్ల ఎరుక గలదు' అని రాసుకుంది.

"బ్రేకు రబ్బర్లు ఎప్పుడిస్తారండీ?"

"ముందు మీరెవరో తేలాలి కదండీ. ఫోన్‌లో మండలి యాప్ వేసుకుని హ్యాండిల్‌కి కట్టుకోండి. ఇరవై ఒక్క రోజులు మీరెప్పుడూ తొక్కినట్టే తొక్కండి. అది గమనిస్తుంది."

"ఎప్పుడూ తొక్కినట్టు తొక్కాలంటే బ్రేకులుండాలండీ."

"సహజంగా ఉండండి" అని ఆమె గంట మోగించింది. తర్వాతివాడు లేచాడు.

ఇరవై ఒక్క రోజులు బ్రేకుల్లేకుండా కొండ దిగడం ఎలాగో ఏ పుస్తకంలోనూ లేదు. నీళ్ళాయన కాలే కనిపెట్టింది. ఎడమ కాలు పెడలు మీంచి తీసి, వెనక్కి మడిచి, చెప్పు అడుగును వెనక టైరుకు ఆనించి నొక్కడం. అవి లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు. రబ్బరుకు రబ్బరు రాసుకుని, కమురు వాసన కొట్టి, బండి అయిష్టంగా నెమ్మదించేది. ఆగడం వేరు, నెమ్మదించడం వేరు. ఆగే పని అడుగున బడి మలుపు దాటాక ఉన్న ఇసుక కుప్ప చూసుకునేది.

చిక్కల్లా ఆ మలుపే. ఎనిమిదీ పదికి బడి పిల్లలు రోడ్డు దాటేది అక్కడే. నీళ్ళాయన మలుపు తిరిగేదీ అప్పుడే. అందుకని రోజూ ఆ వేళకు అతని భార్య కంచం, గరిట పట్టుకుని మలుపులో నిలబడేది. పై వంపులో కమురు వాసన తగలగానే కంచం మోత మొదలు.

"తప్పుకోండ్రా! మా ఆయనొస్తున్నాడు! ఒరే బొద్దూ, నిన్నే! తప్పుకోరా, ఆయనకి ఆగడం రాదు!"

పిల్లలు గోడకు అతుక్కుపోయేవాళ్ళు. నీళ్ళాయన పొగతో, బూడిదతో దూసుకుపోయి ఇసుకలో దిగబడేవాడు. అప్పుడు హ్యాండిల్‌కి కట్టిన ఫోన్‌లోంచి తియ్యటి ఆడగొంతు పలికేది. "శభాష్ వీరుడా! నిన్నటికన్నా పదకొండు క్షణాలు ముందున్నావు!"

భార్య గరిట దించి అడిగింది. "ఎవరది, నిన్ను వీరుడంటోంది?"

"మండలివాళ్ళది."

"ఇన్నేళ్ళ కాపురంలో నేనే ఒక్కసారీ అన్లేదు. దానికేం తెలుసని?"

వారానికో ఎడమ చెప్పు అరిగిపోయేది. చెప్పులు కుట్టేవాడు జతగా తప్ప అమ్మనన్నాడు. "ఒంటి చెప్పు అమ్మితే రెండోది నేనెవడికి తొడగను?" అన్నాడు, న్యాయమే. అలా కొత్త కుడి చెప్పులు ఒక్కొక్కటే అటకెక్కడం మొదలైంది.

ఇరవై రెండో రోజు నీళ్ళాయన శైలి తేలింది. 'అవరోహణ వీరుడు, ప్రథమ శ్రేణి.' ఊరు మొత్తానికి ఆ శ్రేణి వచ్చినవాడు అతనొక్కడే. ఎగుడులో సైకిల్ దిగి పక్కన నడవడాన్ని 'వాహనం పట్ల వినయం' అనీ, దిగుడులో ఎక్కడా బ్రేకు మీద వేలు వేయకపోవడాన్ని 'లోయ పట్ల సంపూర్ణ విశ్వాసం' అనీ చేతికిచ్చిన శైలి కార్డు వెనక అచ్చువేశారు. వీరుడికి తగిన భాగాల జాబితా కింద ఉంది. చేతి పొడవు షాకులు, బారెడు వెడల్పు హ్యాండిలు, గడ్డం దాకా మూసే హెల్మెట్. చివర చిన్న అక్షరాల్లో, 'బ్రేకు. వినియోగం: సున్నా. కనుక అవసరం: సున్నా.'

షాపులో నంబరు నొక్కితే హ్యాండిళ్ళ పెట్టె తెరుచుకుంది. రబ్బర్ల పెట్టె ఎర్ర దీపం చూపించింది. బావమరిది ఆ బారెడు హ్యాండిలే బిగించాడు (వీరుడు సన్న హ్యాండిలుతో కనబడితే శైలీభంగం, బిగించని మెకానిక్ కూడా బాధ్యుడే). ఆ రోజు నుంచి దున్నపోతు వీధి గుమ్మంలో పట్టక బయటే పడుకుంది.

"బావా, ఒక్క మాట. ఇంకో పది రోజులు ఇలాగే దిగితే నీకు రెక్కలు కూడా ఇస్తారేమో."

"నువ్వు నోరు మూసుకోరా."

నీళ్ళాయన మళ్ళీ మెట్ల కింద కిటికీకి పోయాడు.

"మేడమ్, నాకు బ్రేకు కావాలండీ."

"మీరు బ్రేకు వాడినట్టు ఇరవై ఒక్క రోజుల్లో ఒక్క రుజువూ లేదండీ."

"రబ్బర్లు లేవు కాబట్టి వాడలేదండీ."

"వాడలేదు కాబట్టి ఇవ్వలేదండీ. చూశారా, మీదీ మాదీ ఒకటే మాట. తగువెక్కడుంది?"

"మరి రుజువు కావాలంటే?"

"బ్రేకు వాడి చూపించండి."

"దేంతో వాడనండీ? ఇరవై ఒక్క రోజులూ చెప్పుతో ఆపుకుంటూ చస్తున్నాను!"

అధికారిణి చేతిలో కలం ఆగిపోయింది. వెనక టేబుళ్ళ దగ్గర ఇద్దరు తలలు తిప్పారు.

"చెప్పుతోనా? ఆ సంగతి ముందే చెప్పొద్దూ! అంటే మీ వాహనానికి ప్రకటించని భాగం ఒకటుందన్నమాట."

"భాగం కాదండీ, చెప్పు."

"వాహనాన్ని ఆపే పని చేస్తే అది భాగమే. ఏ కాలిది?"

"ఎడమ."

"నంబరు?"

"తొమ్మిది."

ఆమె సంతోషంగా కొత్త దరఖాస్తు తీసింది. నెలరోజుల్లో ఆ కిటికీ దగ్గర పని ముందుకు సాగడం అదే మొదలు. "ఇక మీ పని అయినట్టే. క్షేత్ర పరిశీలకుడు వచ్చి మీ చెప్పు పనితనం స్వయంగా చూస్తారు."

క్షేత్ర పరిశీలకుడు నిజంగానే వచ్చాడు, ఇంకో నాలుగు కుడి చెప్పులు అటకెక్కిన తర్వాత. నున్నగా దువ్విన తల, చంకలో ఫైలు, జేబులో కొలతల టేపు, అద్దంలా మెరిసే నల్ల బూట్లు. కొండ ఎక్కడానికి ఆటో మాట్లాడుకున్నాడు. దిగడం మాత్రం సైకిల్ వెనక క్యారియరు మీదే, అలా చేస్తే తప్ప పరిశీలన చెల్లదు.

"సార్, ఇంకోసారి ఆలోచించండి" అన్నాడు నీళ్ళాయన, పెద్ద వాల్వు తిప్పి తుండుతో చేతులు తుడుచుకుంటూ. "ఇద్దరి బరువంటే చెప్పుకు కష్టం."

"మీరు సహజంగా ఉండండి. నేను లేననుకోండి."

మొదటి మలుపు దాకా పరిశీలకుడు రాసుకుంటూనే ఉన్నాడు. రెండో మలుపులో కలం పోయింది. మూడో మలుపులో ఫైలు పోయింది. నాలుగో మలుపు నుంచి రెండు చేతులూ నీళ్ళాయన నడుం చుట్టూ ఉన్నాయి.

"ఆపవయ్యా!"

"ఆపుతూనే ఉన్నానండీ!"

"ఇది ఆపడమా?"

"దీన్నే మీరు మూడో కాలమ్‌లో రాసుకున్నారండీ!"

"నాకు ఇద్దరు పిల్లలున్నారయ్యా!"

"నన్ను వదిలి, కాళ్ళు కింద పెట్టండి సార్, కాళ్ళు!"

పరిశీలకుడు నడుం వదల్లేదు గాని కాళ్ళు మాత్రం కింద పెట్టాడు. మెరిసే బూట్లు రెండూ రోడ్డును కరుచుకుని గర్రుమంటూ గీసుకుపోయాయి. కింద కంచం మోగుతోంది. పిల్లలు గోడకు అతుక్కుంటున్నారు. ఒక్క పిల్ల తప్ప. మెళ్ళో నీళ్ళ సీసా వేసుకున్న చిన్నపిల్ల, జారిపడ్డ పెన్సిలు కోసం నడిరోడ్డు మీద వంగుంది.

నీళ్ళాయన కుడి కాలు కూడా కింద పెట్టేశాడు. నాలుగు పాదాలు, ఒక టైరు, ఇద్దరి కేకలు. ముందు చక్రం ఆ పిల్ల సీసాకు జానెడు దూరంలో ఆగింది.

పిల్ల పెన్సిలు తీసుకుని, లేచి, తీరిగ్గా చూసింది. "నీళ్ళ మావయ్యా, నీ చెప్పులోంచి పొగొస్తోంది" అని చెప్పి బళ్ళోకి పోయింది.

భార్య చేతిలోంచి కంచం జారి రోడ్డు మీద గిరగిరా తిరిగి పడుకుంది. ఆమె దాన్ని తీయకుండా బడి గేటు వైపే చూస్తూ నిలబడింది.  అతను రెండో వాల్వు దగ్గర కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఒక్క ఊపులో తిరిగే వాల్వు ఆ రోజు మూడోసారికి గాని తిరగలేదు. వాల్వులో తేడా ఏమీ లేదు.

ఫోన్ పలికింది. "శభాష్ వీరుడా!"

పరిశీలకుడు గోడకానుకుని కూర్చుని బూట్లు చూసుకుంటున్నాడు. వాటికి అడుగులు లేవు. మేజోళ్ళకు కూడా లేవు.

"చూశారు కదండీ" అన్నాడు నీళ్ళాయన. "ఇక రాసెయ్యండి సార్, రబ్బర్లు ఇమ్మని."

"చూశానయ్యా" అన్నాడు పరిశీలకుడు. "అంతా చూశాను. చూసింది చూసినట్టు రాస్తాను."

చూసింది చూసినట్టే రాశాడు. ఆ నివేదిక వారంలో ఉత్తర్వుగా మారి నీళ్ళాయన ఇంటికొచ్చింది (పరిశీలకుడికి కొత్త బూట్లు మాత్రం రెండు రోజుల్లోనే వచ్చాయి, ఉద్యోగుల బూట్లకు శైలి అడగరు). బావమరిది గుమ్మంలో కూర్చుని పైకి చదివాడు.

"'సదరు వాహనమునకు బ్రేకు: ఎడమ చెప్పు, తొమ్మిదో నంబరు. ఆమోదించడమైనది. గంట: భార్య. సొంతం. శ్రావ్యత తక్కువ, దూరం ఎక్కువ. ఆమోదించడమైనది...'"

"ఏమిటీ?" అంది లోపల్నుంచి అక్క.

"నిన్ను గంట కింద రాశారక్కా. బాగా మోగుతున్నావట. ఇంకా ఉంది విను. 'పరిశీలనలో రెండు శరీరములు, నాలుగు పాదరక్షలు వినియోగించిన పక్షమున వాహనము సంతృప్తికరముగా ఆగినది. కావున ఇకపై సదరు వీరుడు వెనక క్యారియరుపై బూట్లు ధరించిన మనిషినొకరిని శాశ్వతముగా కూర్చుండబెట్టుకొనవలెను. సదరు మనిషిని సమకూర్చు బాధ్యత వీరునిదే. రబ్బర్ల అభ్యర్థన పరిష్కారమైనందున మూసివేయడమైనది.'"

 నీళ్ళాయన మడిచిన కాలు మీద చెయ్యి వేసుకుని, అరికాలి బొబ్బను చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "రేపట్నించి నేను దిగను. పోతే పోయింది ఉద్యోగం. ఆ పిల్ల వంగుంది చూడు, అది కళ్ళలోంచి పోవట్లేదు."

భార్య లేచి నిచ్చెన వేసి అటకెక్కింది. కాసేపటికి పైనుంచి ఒక్కో చెప్పూ దబ్బున కింద పడసాగింది. ఒకటి, రెండు, మూడు. మొత్తం ఏడు. ఏడూ కుడివే, ఏడూ కొత్తవే, దుమ్ము తప్ప మచ్చ లేదు. దిగివచ్చి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, తమ్ముడి ముందు కుప్ప పోసింది.

"ఇవి లారీ టైరేనా కాదా?"

"టైరేనక్కా."

"బ్రేకు రబ్బరంటే ఏమిటి? వేలెడు రబ్బరు ముక్కే కదా? కోసి, మరలకి బిగించు."

బావమరిది తల గోక్కున్నాడు. "అక్కా, కొయ్యడం చిటికెలో పని. కాని ఉత్తర్వులో ఎడమ చెప్పుకే ఆమోదం ఉంది. కుడి చెప్పుకు ఆమోదం లేదు. రేపు నా షాపు మీదికొస్తే..."

"సరే, నువ్వే చెప్పు. ఆమోదం ఉన్న చెప్పుతో కొట్టమంటావా, ఆమోదం లేని చెప్పుతో కొట్టమంటావా?"

బావమరిది సంచిలోంచి కత్తి తీశాడు.

చెప్పు అడుగును వేలెడు ముక్కలుగా కోసి, అంచులు ఆకురాయికి రాసి, పాత బ్రేకు రబ్బర్లుండే గూళ్ళలో దిగేసి, మరలు బిగించాడు. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉన్నాయి. తెల్లారి నీళ్ళాయన పైన వాల్వు తిప్పి, ముందు పది గజాలు దిగి పట్టి చూశాడు. దున్నపోతు మెడ పట్టుకున్నట్టు ఆగింది. నమ్మక, ఇంకో పది గజాలు దిగి మళ్ళీ పట్టాడు. ఆగింది. ఆ పొద్దున అతను కొండదారి పొడుగునా ఊరికే పద్దెనిమిదిసార్లు ఆగాడు. ఒకచోట ఆగి లోయలోకి కూడా చూశాడు. అంతరంగం ఏమీ అనలేదు. మలుపు దగ్గర పిల్లలు రోడ్డు దాటుతుంటే కాలు కింద పెట్టి, మామూలు మనుషుల్లా నిలబడ్డాడు. పెన్సిలు పిల్ల దాటుతూ దాటుతూ అతని చెప్పుకేసి చూసి, పొగ రానందుకు కాస్త చిన్నబుచ్చుకుంది.

ఫోన్ మాత్రం దిగులుపడింది. "వీరుడా, నీ వేగం తగ్గుతోంది. ఒంట్లో బాగుందా?" అని మొదటి రోజు అడిగింది. రెండో రోజు ద్వితీయ శ్రేణికి దించింది. నాలుగో రోజు, "ఆమోదిత భాగమైన మీ గంట మూడు రోజులుగా మోగడం లేదు. వెంటనే మరమ్మతు చేయించండి" అంది.

"రమ్మను" అంది భార్య కంచం కడుగుతూ. "వచ్చినవాళ్ళకే చేస్తాను మరమ్మతు."

వచ్చింది క్షేత్ర పరిశీలకుడే. కాని నీళ్ళాయన ఇంటికి కాదు, ఆదివారం పొద్దున బావమరిది షాపుకు, చేత్తో ఓ గేర్ల సైకిల్ నడిపించుకుంటూ. నీళ్ళాయన అక్కడే చైనుకు నూనె పెట్టుకుంటున్నాడు. బావమరిది చప్పున చెప్పు ముక్కలున్న డబ్బాను కాలితో బల్ల కిందికి తోశాడు.

పరిశీలకుడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "నాదీ కొండ వీధేనయ్యా. మా ఆఫీసులోనే నాలుగేళ్ళ కిందట దరఖాస్తు పెట్టుకున్నాను. శైలి ఇంకా తేల్లేదు. మా ఆవిడ నన్నసలు సైకిల్ ఎక్కనివ్వదు, ఇలా నడిపించుకుంటూ తిరుగుతాను."

"అయ్యో, మరి యాప్ ఏమంటోంది సార్?"

"పాదచారి అంటోంది." అతను బల్ల కిందికి కళ్ళతోనే చూపించాడు. "నాకూ... ఓ కుడి చెప్పు ఉంటే చూడు."

బావమరిది నీళ్ళాయన వైపు చూశాడు. నీళ్ళాయన డబ్బాను కాలితో ఇవతలికి లాగాడు. ఎడమ కాలితోనే.

ఆ ఏడాది చివరికి ఊళ్ళో చెప్పులు కుట్టేవాడు ఒంటి చెప్పులు కూడా అమ్మడం మొదలుపెట్టాడు. కుడిది కావాలంటే ముందురోజే చెప్పుకోవాలి. మెట్ల కింద కిటికీ దగ్గర వరస తగ్గి, తగ్గి, చివరికి టేబులు ఫ్యానొక్కటే మిగిలింది. షాపు గోడకున్న అద్దాల పెట్టెలో రబ్బర్లు ఒక్కటీ కదలకుండా జతలు జతలుగా వేలాడుతూనే ఉన్నాయి. ఆ పెట్టె మీదే అంటించి పోయారు మండలి వార్షిక నివేదిక. నీళ్ళాయన సైకిల్ ఆపి (ఇప్పుడు ఆపగలడు) చివరి వాక్యం నిదానంగా చదువుకున్నాడు.

'ఈ సంవత్సరము బ్రేకు రబ్బర్లు కోరుచు ఒక్క దరఖాస్తు కూడ అందనందున, మండలి కృషి ఫలితముగా కొండ ప్రాంతమున బ్రేకు అవసరము సంపూర్ణముగా నిర్మూలించబడినదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము.'